చక్రాల మీద కాపురం... సముద్రం ఒడ్డున వసంతం!

ఉద్యోగ విరమణ అనగానే మనకేం గుర్తుకొస్తుంది చెప్పండి? ఆయనకి ఓ శాలువా, ఓ పూలదండ, ఓ గోడ గడియారం. మర్నాటి నుంచి ఇంట్లో పడక్కుర్చీ, దినపత్రిక, మందుల డబ్బా. ఇక మన సంగతంటారా... ఆడవాళ్ళకి విరమణ ఎక్కడుంది? ఆయన రోజంతా ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఇంకో రెండుసార్లు కాఫీ కలపడం, అంతే మనకొచ్చే మార్పు!

అమెరికాలో మాత్రం కొంతమంది పెద్దవాళ్ళు ఆ రోజు ఎప్పుడొస్తుందా అని ఏళ్ళ తరబడి ఎదురు చూస్తారు. ఉద్యోగం అయిపోవడం తరువాయి, ఇంటికి తాళం వేసి చక్రాలున్న ఇంకో ఇల్లెక్కి రోడ్డు పట్టేస్తారు. కొందరైతే ఉన్న ఇల్లు అమ్మేస్తారు కూడా. ఆ చక్రాల ఇంటిని వాళ్ళు ఆర్.వీ. అంటారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, సోఫా అన్నీ అందులోనే. సొంత ఇంజనున్న బండి మోటార్ హోం. వేరే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళేది ట్రైలర్. ఈ బళ్ళు ఆపుకుని నెలల తరబడి కాపురం ఉండడానికి వెలసినవే ఆర్.వీ. పార్కులు. కొన్ని పార్కుల్లో 55 ఏళ్ళు దాటినవాళ్ళకే చోటు!

మేం టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో ఉంటాం. అక్కడి నుంచి మూడు, మూడున్నర గంటలు కారులో వెళ్తే గల్ఫ్ తీరంలో రాక్‌పోర్ట్ అనే చిన్న ఊరుంది. 2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం నాడు వచ్చింది. ఇండియా నుంచి వచ్చిన అత్తగారిని, మామగారిని తీసుకుని, ఓ మోటార్ హోం అద్దెకి మాట్లాడుకుని, అక్కడి పార్కు ఒకదాంట్లో నాలుగు రోజులున్నాం. అక్కడ చూసినవి, విన్నవి మీతో చెప్పకపోతే నాకు తోచదు. ఎందుకంటే అది ఏదో తెల్లవాళ్ళ సరదా అని తీసిపారేసే విషయం కాదు. మనకీ పనికొచ్చే సంగతి ఒకటుంది అందులో.

ఎవరీ వలస పక్షులు?

మిన్నెసోటా, అయోవా, విస్కాన్సిన్, మిచిగన్ రాష్ట్రాలు, ఆపైన కెనడా... ఇవన్నీ ఉత్తరాన ఉన్నాయి. చలికాలం వస్తే అక్కడ గుమ్మం ముందు మోకాలి లోతు మంచు. పెద్ద వయసులో ఆ మంచు ఎత్తిపోయడం, దాని మీద జారి తుంటి విరగ్గొట్టుకోవడం ఎవరికి కావాలి? అందుకని అక్టోబరు, నవంబరు నెలల్లో బండెక్కి దక్షిణాదికి దిగిపోతారు. ఫ్లోరిడా, అరిజోనా వెళ్ళేవాళ్ళని 'స్నోబర్డ్స్' అంటారు, అంటే మంచు పక్షులన్నమాట. టెక్సాస్‌కి వచ్చేవాళ్ళకి ఇక్కడివాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు 'వింటర్ టెక్సన్స్'. ఐదారు నెలలుండి మార్చి, ఏప్రిల్‌లో తిరిగి వెళ్ళిపోతారు.

కాబట్టి వసంతం అంటే ఆ పార్కులో రెండు సంగతులు ఒకేసారి జరుగుతుంటాయి. ఒక పక్క రోడ్ల వెంట బ్లూబోనెట్ అనే నీలం పూలు తివాచీ పరిచినట్టు పూస్తాయి. ఎండ వెచ్చగా, హాయిగా ఉంటుంది. సముద్రపు గాలికి ఓ పక్కకే వంగి పెరిగిన ఓక్ చెట్లు కొత్త ఆకులు తొడుగుతాయి. ఇంకో పక్క మూటాముల్లె సర్దుకోవడం మొదలవుతుంది. మన దగ్గర ఉగాది అంటే కొత్త ఆరంభం. వాళ్ళకేమో అది వీడ్కోలు కాలం.

మేం దిగిన పార్కు అఖాతం ఒడ్డునే ఉంది. ఒక్కో బండికి ఒక సిమెంటు గచ్చు, పక్కన కరెంటు స్తంభం, మంచినీళ్ళ కుళాయి, మురుగునీళ్ళు పోవడానికి గొట్టం, ఒక చెక్క బల్ల. తెల్లారేసరికి నీళ్ళ మీద సూర్యోదయం! మామగారు సంధ్యావందనానికి ఇంతకంటే మంచిచోటు చూడలేదన్నారు. ఆరు గంటలకల్లా ముసలివాళ్ళంతా కుక్కల్ని పట్టుకుని నడకకి బయల్దేరతారు. తొమ్మిదింటికి క్లబ్బు హాల్లో ఆడవాళ్ళు బొంతలు కుడుతుంటారు. మగవాళ్ళు కట్ట మీద గేలాలు వేసుకుని కూర్చుంటారు. మధ్యాహ్నం పేకాట, బింగో. సాయంత్రం ఐదింటికి ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకొచ్చి ఒక చోట గుండ్రంగా వేసుకుని కబుర్లు. మన పల్లెటూళ్ళలో అరుగుల మీద కబుర్లు ఉండేవి చూడండి, అచ్చం అలాగే!

మొదటి రోజు మా అత్తగారికి ఇదేమీ మింగుడు పడలేదు. "ఇంత వయసొచ్చి పిల్లల దగ్గర కృష్ణా రామా అనుకోక ఈ దేశద్రిమ్మరితనమేమిటే?" అన్నారు. పక్క బండిలో మిన్నెసోటా నుంచి వచ్చిన 74 ఏళ్ళ పెద్దావిడ ఉంది. ఆవిడకి నేను ఈ మాటే కాస్త మెత్తగా మార్చి చెప్పాను. ఆవిడ నవ్వి, "పిల్లల దగ్గరికి వెళ్ళకపోవడమేమిటి, వెళ్తాం. వాళ్ళింటి ముందే బండి ఆపుకుంటాం. వాళ్ళకి మేం విసుగు పుట్టకముందే ఇంజను స్టార్ట్ చేస్తాం!" అంది. ఈ మాట తెలుగులో చెప్పేసరికి అత్తగారు పకపకా నవ్వి, "ఇదేదో బాగానే ఉందే!" అన్నారు. ఆ తర్వాత ఇద్దరూ ఒక భాష రాకపోయినా ఒకే బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచడం నేను చూశాను.

ఇల్లంటే ఇంతేనా?

ఆర్.వీ. ఎంత పొడుగున్నా వెడల్పు ఎనిమిదిన్నర అడుగులే. బండి ఆగాక ఒక గోడని మీట నొక్కి బయటికి జరిపితే ఇంకో రెండు మూడడుగులు కలిసొస్తాయి. నాలుగు పడక గదుల ఇంట్లో నలభై ఏళ్ళు పోగేసిన సామాను ఇందులోకి ఎలా దూరుతుంది? దూరదు. అందుకే బండెక్కే ముందు ఏడాదిపాటు పంచిపెట్టడమే పనిగా పెట్టుకుంటారట. పెళ్ళినాటి పింగాణీ కూతురికి, ఫోటో ఆల్బాలు కొడుక్కి, బీరువాలు ఎవరికి కావాలంటే వాళ్ళకి. పక్కావిడ బండిలో నాలుగు పళ్ళేలు, నాలుగు కప్పులు, రెండు గిన్నెలు ఉన్నాయి. "కొత్త వస్తువు ఒకటి లోపలికొస్తే పాతది ఒకటి బయటికి పోవాలి" అన్నది వాళ్ళ నియమం. మన స్టీలు సామాను అటకలు తలుచుకుంటే నాకే సిగ్గేసింది!

మరి ఉత్తరాలు ఎక్కడికొస్తాయి, ఓటు ఎక్కడ వేస్తారు అని మీకు అనుమానం రావచ్చు. ఇల్లు అమ్మేసి పూర్తిగా బండిలోనే ఉండేవాళ్ళకి ఇది పెద్ద చిక్కే. టెక్సాస్‌లోనే లివింగ్‌స్టన్ అనే ఊళ్ళో 'ఎస్కేపీస్' అనే ఆర్.వీ. సంఘం ఉంది. 1978లో జో పీటర్సన్, కే పీటర్సన్ అనే దంపతులు మొదలుపెట్టారు. అక్కడి చిరునామాని తమ ఇంటి చిరునామాగా పెట్టుకుని, వచ్చిన ఉత్తరాలన్నీ తామున్న చోటికి తెప్పించుకుంటారు చాలామంది. డ్రైవింగ్ లైసెన్సు, ఓటు కూడా ఆ చిరునామా మీదే!

చిన్న వంటిల్లు, పెద్ద జాగ్రత్తలు

మనకి ముందుగా కావలసింది వంటిల్లే కదా. రెండు మూడు పొయ్యిలున్న గ్యాసు స్టవ్, చిన్న ఫ్రిజ్, మూరెడు గట్టు. ఆ నాలుగు రోజుల్లో నేను గమనించినవి, పక్కావిడ చెప్పినవి ఇవీ:

* చాలా బళ్ళకి 30 ఆంపియర్ల కరెంటే ఉంటుంది. ఏసీ, మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కెటిల్ మూడూ ఒకేసారి పెడితే ఫట్‌మని కరెంటు పోతుంది. కాఫీకి నీళ్ళు కాచేటప్పుడు ఏసీ ఆపుకోవాలి.

* మంచినీళ్ళ పైపు వేరు, కడుగుడు పైపు వేరు. తాగే నీళ్ళకి వాడేది సాధారణంగా తెల్లగా ఉంటుంది. కుళాయి దగ్గర నీటి ఒత్తిడి తగ్గించే చిన్న బిళ్ళ బిగించకపోతే బండి లోపలి గొట్టాలు పగిలే ప్రమాదం ఉంది.

* పోపు పెట్టేముందు పైకప్పు మీది కిటికీ తెరవాలి. లేదా మిరపకాయ ఘాటుకి మనం దగ్గేలోపే పొగ అలారం మోగుతుంది! తెరవకుండా రోజూ ఉడకబెడుతుంటే తేమ చేరి గోడలకి బూజు పడుతుంది.

* చలేసిందని గ్యాసు పొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టుకోకూడదు. అంత చిన్న చోట కార్బన్ మోనాక్సైడ్ వాయువు పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ప్రాణం తీస్తుంది. ఆ వాయువుని కనిపెట్టే అలారం బండిలో పనిచేస్తోందో లేదో ముందే చూసుకోవాలి.

* సముద్రపు గాలికి ఇనుమన్నది నిలవదు. చాకులు, కత్తెరలు తుడిచి పొడిగుడ్డలో చుట్టి పెట్టుకోవాలి.

* బండి కదిలేముందు ప్రతి పళ్ళెం మధ్యా ఒక తువ్వాలు. అల్మరా తలుపులకి గడియలు.

ఇక ఆ తీరంలో అందరూ ఇష్టపడే వంట రొయ్యల ఉడుకు. మన కోస్తావాళ్ళకి నచ్చి తీరుతుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి ఉప్పు, కారం మసాలా, రెండు నిమ్మచెక్కలు, ఉల్లిపాయ, వెల్లుల్లి వేస్తారు. ముందు చిన్న బంగాళాదుంపలు పది పన్నెండు నిమిషాలు ఉడకనిస్తారు. తర్వాత ముక్కలు చేసిన మొక్కజొన్న కండెలు ఐదు నిమిషాలు. ఆఖర్న రొయ్యలు. వాటికి రెండు మూడు నిమిషాలు చాలు, గులాబి రంగు తిరగ్గానే దింపేయాలి, లేకపోతే రబ్బరైపోతాయి. నీళ్ళు వంచేసి బల్ల మీద కాగితాలు పరిచి కుమ్మరిస్తే, చుట్టూ నిలబడి చేత్తోనే తింటారు. ఒక్క గిన్నె, పళ్ళేలు కడిగే పనే లేదు!

పాట్‌లక్‌లో ఉగాది పచ్చడి

ఆదివారం సాయంత్రం క్లబ్బు హాల్లో పాట్‌లక్. అంటే ఎవరింట్లో వండినది వాళ్ళు తెచ్చి ఒకే బల్ల మీద పెట్టడం. నేను పులిహోర, ఉగాది పచ్చడి పట్టుకెళ్ళాను. మామిడికాయ అక్కడి కూరగాయల కొట్లోనే దొరికింది. చింతపండు, బెల్లం, ఎండు వేపపువ్వు హ్యూస్టన్‌లో ఇండియన్ షాపులో కొని తెచ్చుకున్నాను. విదేశాల్లో ఉన్న మన అమ్మాయిలకి ఇక్కడో మాట. టెక్సాస్‌లో దారి పక్కన వేపలాంటి ఆకులతో, లేత ఊదారంగు పూలతో ఒక చెట్టు వసంతంలో పూస్తుంది. దాని పేరు చైనాబెర్రీ. చూడ్డానికి మన వేపచెట్టు చుట్టంలాగే ఉంటుంది కానీ విషం. పువ్వులు కోసుకొచ్చి పచ్చట్లో వేసేరు సుమా!

ఆరు రుచులెందుకని వాళ్ళు అడిగితే, రాబోయే ఏడాదిలో తీపీ చేదూ అన్నీ ఉంటాయి, అన్నిటినీ ముందే నాలిక మీద పెట్టుకుంటాం అని చెప్పాను. కొంతమంది మొహం వికారంగా పెట్టారు, నవ్వారు. మిన్నెసోటా పెద్దావిడ మాత్రం ఇంకో చెంచా అడిగి వేయించుకుంది. "ఈ రుచి నాకు తెలుసు" అంది. అప్పుడు చెప్పింది తన సంగతి.

మురుగు గొట్టం దగ్గర మొదలైన చదువు

ఆవిడ భర్త 2023 వేసవిలో గుండెపోటుతో పోయాడు. పదకొండేళ్ళపాటు ఇద్దరూ కలిసి ఇదే పార్కుకి వచ్చారు. ఆయన బండి నడిపేవాడు, ఆవిడ మ్యాపు చూసేది. ఆయన బయట గొట్టాలు బిగించేవాడు, ఆవిడ లోపల వంట చేసేది. మన ఇళ్ళల్లో లాగే, "ఇది నీ పని, అది నా పని".

అయితే ఆర్.వీ. కాపురంలో బయటిపని తెలియకపోతే లోపలి కాపురం ఒక్క రోజు కూడా సాగదు. బండి కింద రెండు తొట్లుంటాయి. మరుగుదొడ్డిది ఒకటి, స్నానం, అంట్లు కడిగిన నీళ్ళది ఇంకోటి. ముందు మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేయాలి, ఆ తర్వాత సబ్బునీళ్ళ తొట్టి వదలాలి. అప్పుడే ఆ నీళ్ళకి గొట్టం శుభ్రపడుతుంది. ఎంత చిన్న విషయం! కానీ ఆయన పోయాక ఆవిడకి ఈ ముక్క కూడా తెలియదు. ఏ గొట్టం ఎక్కడ బిగించాలో తెలియదు. బీమా కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయో తెలియదు.

పిల్లలు బండి అమ్మేయమన్నారు. "వాళ్ళు నా మంచికే చెప్పారు. కానీ అమ్మేస్తే ఆయనతోపాటు నా చలికాలాలు, నా స్నేహితులు, అన్నీ పోతాయి" అంది ఆవిడ. పెద్ద బండి అమ్మి చిన్నది కొంది. ఓ ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పెట్టి, వెనక్కి నడపడం నెల్లాళ్ళు నేర్చుకుంది. ఈ పార్కులోనే ఉండే ఇంకో ఆవిడ గ్లవ్స్ తొడిగించి మురుగు గొట్టం దగ్గర పాఠం చెప్పిందిట. కిందటి నవంబరులో మొదటిసారి ఒంటరిగా వచ్చింది. మేం ఉన్నప్పుడు తిరుగు ప్రయాణానికి సర్దుకుంటోంది. ఊరు దాదాపు 1400 మైళ్ళ దూరం. రోజుకి 200 మైళ్ళు మించి నడపదు. మధ్యాహ్నం మూడింటికల్లా ఎక్కడో ఒక పార్కులో ఆగిపోతుంది. చేరగానే కూతురికి ఫోను. ఏడు రోజుల ప్రయాణం.

ఫ్రిజ్ తలుపు మీద ఆవిడ అంటించుకున్న కాగితం చూశాను. మెట్లు పైకి మడిచానా, కరెంటు తీగ తీశానా, గ్యాసు కట్టేశానా, ఏంటెన్నా దింపానా... మొత్తం 22 అంశాలు. ఒక్కొక్కటీ టిక్కు పెడితేగానీ తాళంచెవి తిప్పదు. "జ్ఞాపకం మీద ఆధారపడే వయసు కాదు నాది, కాగితం మీద ఆధారపడతాను" అంది.

అదే వరసలో ఇంకో బండి ఉంది. అయోవా దంపతులది. ఫిబ్రవరిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది కానీ ఇక నడపలేడు. ఆవిడ 45 ఏళ్ళ కాపురంలో ఒక్కసారీ ఆ బండి నడిపే సీట్లో కూర్చోలేదు. కొడుకు సెలవు పెట్టి విమానంలో వచ్చి బండి తీసుకెళ్ళేదాకా ఆవిడ ఎదురు చూస్తూ కూర్చుంది. ఆస్పత్రికి ఎవరో తీసుకెళ్ళాలి, కూరలకి ఎవరో తీసుకెళ్ళాలి. పార్కులోవాళ్ళు వంతులేసుకుని చేశారు, అది వేరే సంగతి. కానీ ఆవిడ మొహంలో ఆ నిస్సహాయత చూస్తే నా కడుపు తరుక్కుపోయింది.

ఇలాంటి ఆడవాళ్ళ కోసమే అక్కడ ఏళ్ళ నుంచీ ఏర్పాట్లున్నాయి. ఒంటరిగా తిరిగేవాళ్ళ కోసం 1969లో 'లోనర్స్ ఆన్ వీల్స్' అనే క్లబ్బు పుట్టింది. 1991లో ఆడవాళ్ళే కలిసి 'ఆర్వీయింగ్ వుమెన్' అనే సంఘం పెట్టుకుని ఒకరికొకరు బండి విద్యలు నేర్పుకున్నారు. ఇందాక చెప్పిన ఎస్కేపీస్ వాళ్ళు లివింగ్‌స్టన్‌లో 'కేర్' అనే కేంద్రం కట్టారు. ముసలితనమో జబ్బో వచ్చి ఇక ప్రయాణం చేయలేనివాళ్ళు సొంత బండిలోనే ఉంటూ భోజనం, పగటిపూట సాయం పొందేలా ఏర్పాటు చేశారు. రోడ్డు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుందని వాళ్ళకీ తెలుసు మరి.

కొంగలు లేచిపోయే వేళ

రాక్‌పోర్ట్ దగ్గరే అరాన్సాస్ అనే పక్షుల రక్షిత ప్రాంతం ఉంది. 1937లో ఏర్పాటైంది. అక్కడికి ప్రతి చలికాలం హూపింగ్ క్రేన్ అనే తెల్లటి పెద్ద కొంగలు వస్తాయి. నిలబడితే ఐదడుగుల ఎత్తు! మన నేలపట్టు, పులికాట్‌లకి వచ్చే వలస పక్షుల్లాగే ఇవీ ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. 1941 చలికాలంలో ఇక్కడికి వచ్చినవి ఇరవైలోపే. జాతే అంతరించిపోతుందనుకున్నారు. వేట ఆపి, నేల కాపాడి, ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉంటే ఇప్పుడు ఆ గుంపు అయిదు వందలు దాటింది. ఆడా మగా జంటగా, మధ్యలో ఒక పిల్లతో తిరుగుతుంటాయి. పీతలు ఏరుకు తింటాయి. మార్చి చివర, ఏప్రిల్‌లో దక్షిణపు గాలి బలంగా వీచిన రోజు చూసుకుని పైకి లేచి, సుమారు 2500 మైళ్ళు ఎగిరి కెనడాలోని ఉడ్ బఫెలో అడవులకి వెళ్ళిపోతాయి.

పడవలో వెళ్ళి మేమూ చూశాం. ఒడ్డున ఒక జంట, ఓ పిల్ల. పక్కనున్న పెద్దాయన ఒకాయన, "అవీ మేమూ ఒకే వారంలో బయల్దేరతాం" అన్నాడు.

పార్కులో బళ్ళు కదిలే రోజుల్లో ఉదయం పూట ఒక్కో చోటా ఒక చిన్న గుంపు కనిపిస్తుంది. కావలించుకుంటారు, "నవంబర్లో కలుద్దాం" అనుకుంటారు. చెయ్యి ఊపుతూ బండి మలుపు తిరిగేదాకా నిలబడతారు. అందరూ నవంబర్లో రారని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట పైకి అనరు. మా అత్తగారు అది చూసి కళ్ళొత్తుకున్నారు. "పుష్కరాల్లో కలిసినవాళ్ళం కూడా ఇలాగే అనుకునేవాళ్ళమే" అన్నారు.

అంతా పూలబాటేనా?

కాదు. ఉన్నమాట చెప్పుకోవాలి. అమెరికాలో 65 ఏళ్ళు నిండితే మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వస్తుంది. అసలు మెడికేర్ దేశమంతా చెల్లుతుంది గానీ, ప్రైవేటు కంపెనీల ద్వారా తీసుకునే కొన్ని రకాలకి ఏదో ఒక ప్రాంతంలోని ఆస్పత్రులే. ఊరూరా తిరిగేవాళ్ళు ఇది చూసుకోకపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. మన అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చినప్పుడైతే అదీ ఉండదు. విడిగా ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకున్నాకే అడుగు పెట్టనివ్వండి.

సముద్రం అందంగానే ఉంటుంది, కోపమొస్తే చెప్పలేం. 2017 ఆగస్టు 25న హార్వీ తుఫాను రాక్‌పోర్ట్ దగ్గరే తీరం దాటింది. ఇళ్ళూ, ఆర్.వీ. పార్కులూ చెల్లాచెదురయ్యాయి. దగ్గర్లోని గూస్ ఐలాండ్ పార్కులో వెయ్యేళ్ళు దాటిందని చెప్పుకునే పెద్ద ఓక్ చెట్టు మాత్రం అలాగే నిలబడింది. తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకూ. మన వింటర్ టెక్సన్స్ చాలావరకూ ఆలోపే దాటుకుంటారు.

ఇంకో సంగతి. సరదాకి కాక, ఇంటి అద్దె కట్టుకోలేక బండిలో ఉండేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించే జెస్సికా బ్రూడర్ రాసిన 'నోమాడ్‌లాండ్' పుస్తకం 2017లో వచ్చింది. దాన్నే 2020లో సినిమాగా తీస్తే 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అరవై డెబ్భై ఏళ్ళ వయసులో గోదాముల్లో సామాన్లు మోస్తూ తిరిగేవాళ్ళ కథ అది. కాబట్టి చక్రాల ఇల్లు అందరికీ ఒకేలా కనబడదు.

నీకెందుకివన్నీ?

ఆఖరి రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారు ఉన్నట్టుండి మామగారిని అడిగారు. "మన బ్యాంకు కాగితాలు ఎక్కడ పెట్టారు? మీ పెన్షను నంబరెంత?" మామగారు టీచరుగా రిటైరయ్యారు. ఆయన నవ్వి, "నీకెందుకివన్నీ, నేను లేనూ?" అన్నారు.

"ఉన్నారు కాబట్టే అడుగుతున్నాను. లేకపోతే ఎవర్నడగను?" అన్నారు అత్తగారు.

మామగారు ఓ నిమిషం ఏమీ అనలేదు. తర్వాత నా దగ్గర నోటుబుక్కు అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. ఆవిడ పక్కన కూర్చుని ఒక్కొక్కటే చదివించుకున్నారు.

చెల్లెమ్మలూ, అక్కయ్యలూ! మనం ఆర్.వీ. కొనకపోవచ్చు, సముద్రం ఒడ్డున కాపురం పెట్టకపోవచ్చు. అయినా కాపురమనే బండిని ఇద్దరూ నడపగలిగి ఉండాలన్నది ఏ దేశంలోనైనా ఒకటే. ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకుని ఇవి చూసుకోండి:

* బ్యాంకు ఖాతా ఇద్దరి పేరు మీదా ఉందా? నామినీగా ఎవరి పేరుంది?

* ఆయనకి పెన్షనుంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్ నంబరు మీ దగ్గర రాసి ఉందా? అందులో మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? తేడా ఉంటే తర్వాత కుటుంబ పెన్షను దగ్గర చిక్కులొస్తాయి. ఇప్పుడే సరిచేయించుకోండి.

* బీమా పాలసీలు, ఇంటి దస్తావేజులు ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నాయి? తాళంచెవి ఎక్కడ?

* ఏటీఎంలో డబ్బు మీరు సొంతంగా తీయగలరా? కరెంటు బిల్లు కట్టగలరా? గ్యాసు సిలిండరు మార్చగలరా?

* ఆయన సంగతో? అన్నం వార్చడం, తన మందులు తాను వేసుకోవడం ఆయనకొచ్చా? ఈ చదువు రెండువైపులా ఉండాలి కదా!

* ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి, ఒక నకలు నమ్మకమైన పిల్లల దగ్గర ఉంచండి. ఏటీఎం పిన్ను లాంటి రహస్య నంబర్లు మాత్రం ఆ కాగితం మీద రాయకండి.

మిన్నెసోటా పెద్దావిడ ఏప్రిల్ రెండో వారంలో క్షేమంగా ఇల్లు చేరానని నాకు ఫోనులో మెసేజ్ పెట్టింది. ఏడు రోజులనుకున్న ప్రయాణం గాలివానకి తొమ్మిది రోజులు పట్టిందిట. మా అత్తగారు ఇండియా వెళ్ళిన వారానికే బ్యాంకుకి ఒంటరిగా వెళ్ళి డబ్బు తీసుకొచ్చానని ఫోను చేశారు. ఎంత తీశారని అడిగితే, "వెయ్యి రూపాయలే. అవసరమై కాదు, వచ్చో రాదో చూసుకుందామని!" అన్నారు.